లోపలి మనిషికి ఇంటి బెంగ: బయటున్నవాళ్ళు చేయగలిగిన పనులు

జైల్లో సాయంత్రం తిండి పెట్టి, తలలు లెక్కపెట్టి, పొద్దు గుంకకముందే బ్యారక్ (ఖైదీలు పడుకునే పెద్ద గది) తలుపు వేస్తారు. మళ్ళీ తీసేది తెల్లారినాకే. ఇంట్లో సరిగ్గా ఆ వేళకు పాలు పితికి కేంద్రానికి పోస్తుంటారు, సంగటికి ఎసరు పెడుతుంటారు, పిల్లలు బడిసంచీ మూల పడేసి వీధిలోకి పరిగెడుతుంటారు. జైల్లో ఇంటి బెంగ ముదిరేది ఆ గంటలోనే. పగలంతా మామూలుగా తిరిగిన మనిషి గోడవైపు తిరిగి పడుకుంటాడు. అన్నం ముట్టలేదని పక్కవాళ్ళు గమనించేసరికి రెండు పూటలు అయిపోయి ఉంటాయి.

చిత్తూరు జిల్లా జైల్లోనో, తిరుపతి సబ్‌జైల్లోనో రిమాండులో ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళ కోసం, శిక్ష పడి కడప, నెల్లూరు కేంద్ర కారాగారాలకు పోయినవాళ్ళ ఇంటివాళ్ళ కోసం ఇది రాస్తున్నాం. లోపలినుంచి వచ్చినవాళ్ళకు ఇందులో చాలా సంగతులు ముందే తెలుసు. అయినా కొత్తగా లోపలికి పోయిన మనిషి ఇంటివాళ్ళకు చెప్పడానికి పనికొస్తుందని వాళ్ళనూ చదవమంటున్నాం.

బెంగ అంటే మనవాళ్ళ మీద ప్రేమ ఎక్కువై వచ్చేదని అనుకుంటాం. జైల్లో దాని వేరు ఇంకొంచెం కిందికి ఉంటుంది. ఇంట్లో ఏం జరుగుతోందో తెలియదు. బోరు పనిచేస్తోందా, డ్వాక్రా కంతు కట్టారా, అమ్మకు షుగరు మాత్రలు ఎవరు తెస్తున్నారు, పాప పరీక్ష ఎలా రాసింది, ఊళ్ళో ఏమనుకుంటున్నారు. తెలియని చోటల్లా మనసు చెడ్డ జవాబునే నింపుతుంది. రాత్రి పది గంటలకు మొదలైన ఆలోచన రెండు గంటలకల్లా 'ఇల్లు అమ్మేశారు' దాకా పోతుంది. తెలిసినా చేయగలిగింది లేదన్న బాధ దీనికి తోడవుతుంది. కుటుంబాన్ని మోసిన మనిషికి ఉన్నట్టుండి ఇంట్లో ఏ పనీ లేకుండా పోవడం చిన్న దెబ్బ కాదు. కాబట్టి బయటినుంచి మనం పంపాల్సినవి రెండు: ఇంటి వార్త, ఇంటి పనిలో వాటా. ఎంత పంపామన్నదానికంటే ఎంత క్రమంగా పంపామన్నది ముఖ్యం. నెలకొకసారి పోయి పది కిలోల పండ్లు ఇచ్చే ఇంటికంటే, వారానికొక జాబు తప్పకుండా రాసే ఇంటి మనిషే లోపల నిలదొక్కుకుంటాడు.

బెంగ ఎక్కువయ్యే రోజులు ముందే చెప్పొచ్చు. లోపలికి పోయిన మొదటి రెండు వారాలు, ములాఖత్ (ఇంటివాళ్ళు జైలుకు వచ్చి కలవడం) అయిన మరుసటి రోజు, వాయిదా పడిన రోజు, పండగ రోజు, ములాఖత్‌లు లేని సెలవు రోజు. క్యాలెండర్ మీద ఈ రోజులకు గుర్తు పెట్టుకుంటే, ఏ జాబు ఎప్పుడు పోస్టు చేయాలో తెలుస్తుంది.

మొదటి వారం

అరెస్టు రోజే ఫోన్ పోలీసుల దగ్గర ఉండిపోతుంది. ఈ రోజుల్లో సొంత భార్య నెంబరు కూడా ఎవరికీ నోటికి రాదు. ఫోన్ సౌకర్యం ఉన్న జైల్లో ఉన్నా, ఎవరికి చేయాలో తెలియక కూర్చునేవాళ్ళు చాలామంది. అందుకే మొట్టమొదట ఒక కాగితం మీద మూడు నెంబర్లు, ఎవరివో పేర్లతో సహా, ఇంటి పూర్తి చిరునామా పిన్‌కోడ్‌తో పెద్ద అక్షరాల్లో రాసి, వకీలు ద్వారానో, జైలు గేటు దగ్గర సిబ్బంది అనుమతితోనో లోపలికి పంపండి. ఏ నెంబరుకు చేయాలన్నా ముందు జైలు రికార్డులో నమోదు కావాలి. అది నమోదు చేసుకోమని ఆయనకు చెప్పండి. కొత్తవాళ్ళకు ఈ సంగతి తెలియక వారాలు గడిచిపోతాయి.

ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. క్రైమ్ నెంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు, జైల్లో ఇచ్చిన ఖైదీ నెంబరు, వకీలు పేరు, ఫోను, వచ్చే వాయిదా తేదీ, అన్నీ మొదటి పేజీలోనే ఉండాలి. ఎవరు ములాఖత్‌కు పోయినా ఆ పుస్తకం పట్టుకుపోవాలి. ఆయన అడిగినవి అక్కడే రాసుకుని రావాలి. గుర్తుంటాయిలే అనుకుంటే బస్సు ఎక్కేలోపల సగం పోతాయి. మనం మరిచిపోయిన ప్రశ్నను ఆయన వారమంతా తలుచుకుంటూ ఉంటాడు.

మొదటి కబురులో మూడు సంగతులు చాలు: ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారు, డబ్బు వ్యవహారం ఎవరు చూస్తున్నారు, మళ్ళీ ఎవరు ఏ రోజు వస్తున్నారు. 'నువ్వేం దిగులు పడొద్దు' అన్న మాట ఒక్కటే పంపితే లోపల దిగులు ఇంకా పెరుగుతుంది. ఏదో దాస్తున్నారని అర్థం చేసుకుంటాడు.

రిమాండు ఖైదీలు సొంత బట్టలు వేసుకోవచ్చు. కొత్తవి కొనొద్దు. ఇంట్లో రోజూ కట్టే లుంగీ, పాత చొక్కా, మీ సబ్బుతో ఉతికి ఇవ్వండి. ఆ వాసన కొన్ని రాత్రులు నిద్ర పట్టిస్తుంది. బెల్టు, తాడు ఉన్నవి సాధారణంగా గేటు దగ్గరే ఆపేస్తారు. కళ్ళద్దాలు మరిచిపోవద్దు. చత్వారం ఉన్నవాళ్ళకు అద్దాలు లేకపోతే మీ జాబు వచ్చినా చదవలేరు. రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీతో కలిపి ఇవ్వాలి. చీటీ లేని మాత్రలు లోపలికి పోవు. ఖైదీ పేరున డబ్బు జమ చేసే పద్ధతి ఏదో గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. క్యాంటీనులో సబ్బు, టీ, బిస్కట్లు కొనుక్కునేంత చాలు. ఎక్కువ జమ చేస్తే ఇంట్లో దేనికి కోత పెట్టారోనన్న ఆలోచన కూడా బెంగే.

ములాఖత్

వారానికి ఎన్నిసార్లు, ఏ రోజుల్లో, ఎంతమంది అన్నది రిమాండు ఖైదీకి ఒక లెక్క, శిక్ష పడ్డ ఖైదీకి ఇంకో లెక్క. మీ జైలు పద్ధతి గేటు దగ్గరే తెలుసుకుని నోటుపుస్తకంలో రాసుకోండి. ఆధార్ కార్డు అసలు, నకలు రెండూ పట్టుకోండి. పొద్దున్నే పోయి పేరు రాయించుకోవడం మేలు. మధ్యాహ్నానికి చేరితే పేర్లు తీసుకోవడం అయిపోయిందని వెనక్కి పంపొచ్చు. కుప్పం నుంచి, పలమనేరు నుంచి కడపకు పోయేవాళ్ళు ముందురోజు రాత్రే బయలుదేరక తప్పదు.

మాట్లాడటానికి దొరికేది కాసేపే. జాలీకి అటూ ఇటూ పదిమంది ఒకేసారి అరుస్తుంటారు. అందులో సగం సేపు 'బాగున్నావా, తిన్నావా' అనే మాటలకే పోతుంది. కాబట్టి ముందే అనుకుని పోవాలి. మొదటి రెండు నిమిషాలు ముఖం చూసుకోవడానికి వదిలేయండి, ఏడుపొస్తే ఏడవనీయండి. తర్వాత ముందు ఆయన ప్రశ్నలు, ఆ వెనక మీ కబుర్లు. కేసు ఎందుకు అయింది, ఎవరి తప్పు అనే పంచాయితీ అక్కడ పెట్టొద్దు. తేలదు, ఆ మాటలు మాత్రం ఆయన బ్యారక్‌లోకి మోసుకుపోతాడు. ఆఖరి రెండు నిమిషాలు మళ్ళీ ఎవరు ఎప్పుడు వస్తారో చెప్పడానికి అట్టిపెట్టండి. గంట కొట్టినప్పుడు మాట మధ్యలో తెగకూడదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన సంగతి ఇది: రాలేని రోజు వస్తామని చెప్పొద్దు. వస్తారన్న రోజు ఆయన తెల్లారే స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించి కూర్చుంటాడు. వేళ ముగిసేదాకా పిలుపు రాదు. బస్సు దొరకలేదో, పాపకు జ్వరం వచ్చిందో బయట మనకు తెలుసు. లోపల ఆయనకు యాక్సిడెంటే కనిపిస్తుంది. ఆ ఒక్క రోజు చేసిన చెరుపు సరిదిద్దడానికి మూడు ములాఖత్‌లు పడుతుంది. 'బుధవారం గానీ గురువారం గానీ, రెండూ కాకపోతే జాబు వస్తుంది' అని చెప్పండి. మాట తప్పక తప్పని పరిస్థితి వస్తే జైలుకు ఫోన్ చేసి, ఫలానా ఖైదీకి ఇంట్లో అందరూ క్షేమమే, ఈ రోజు రాలేకపోతున్నారు అని చెప్పమని అడగండి. అందరూ చెప్పకపోవచ్చు, చెప్పేవాళ్ళూ ఉన్నారు.

ఇంటిల్లిపాదీ ఒకేసారి పోయి తర్వాత నెల్లాళ్ళు ఎవరూ పోకపోవడం మనవాళ్ళు తరచుగా చేసే పొరపాటు. ఇద్దరు చొప్పున వంతులు వేసుకోండి: ఈ వారం నాయన, వచ్చే వారం అమ్మా చెల్లెలూ, ఆ పై వారం అన్న. ఒక్కొక్కరు ఒక్కో రకం వార్త తెస్తారు కూడా.

ములాఖత్ ముగిశాక మనసు ఒక్కసారిగా జారుతుంది. చూసిన సంతోషం సాయంత్రానికి ఆవిరైపోయి, వదిలి వెళ్ళారన్న బాధ మిగులుతుంది. దీనికొక ఉపాయం ఉంది. ములాఖత్‌కు పోయే ముందురోజే ఒక జాబు పోస్టు చేయండి. మీరు వచ్చేసిన ఒకటి రెండు రోజులకు అది ఆయన చేతికి అందుతుంది, ఆ గుంట కొంచెం పూడుతుంది.

జాబు

ఫోన్లు వచ్చాక జాబు రాయడం మరిచిపోయాం. జైల్లో దాని విలువ తగ్గలేదు. ఫోన్ మాట ఆ నిమిషంతో అయిపోతుంది. జాబును పదిసార్లు చదువుకోవచ్చు, దిండు కింద పెట్టుకోవచ్చు. పోస్టు కార్డు అర్ధ రూపాయి, ఇన్‌ల్యాండ్ లెటరు రెండున్నర రూపాయలు. తిరుపతి నుంచి కడపకు పోయి రావడానికి ఒక మనిషికి అయ్యే ఖర్చుతో ఏడాది పొడవునా జాబులు రాయొచ్చు.

పైన వరుస సంఖ్య వేయండి: ఒకటో జాబు, రెండో జాబు. నాలుగోది రాకుండా ఐదోది వస్తే, ఒకటి దారిలో పోయిందని ఆయనకు తెలుస్తుంది, రాయలేదని బాధపడడు. తేదీ వేయండి. ఖైదీ పూర్తి పేరు, తండ్రి పేరు, ఖైదీ నెంబరు, జైలు పేరు చిరునామాలో రాయండి. ఒకే పేరున్నవాళ్ళు లోపల నలుగురు ఉంటారు.

జాబును జైలు అధికారులు చదివాకే ఇస్తారు. చదువు రాని ఖైదీకి పక్కవాడు పైకి చదివి వినిపిస్తాడు. అందుకని కేసు సంగతులు, సాక్షుల పేర్లు, ఇంటి గుట్టు, డబ్బు ఎక్కడ పెట్టారన్నది రాయొద్దు. వాటిని వకీలుతోనో ములాఖత్‌లోనో మాట్లాడుకోండి.

ఇక ఏం రాయాలి? ఉపదేశాలు వద్దు. 'దేవుడు చూసుకుంటాడు' అని అర పేజీ రాస్తే అందులో ఇల్లు కనిపించదు. కంటికి కనబడేవి, చిన్నవి రాయండి. ఇలా:

'అబ్బోడా, ఇది మూడో జాబు. ఎర్రావు మంగళారం రేత్రి ఈనింది. పెయ్యదూడ. నొసట తెల్లమచ్చ ఉంది, అచ్చం దాని తల్లి మాదిరే. జున్నుపాలు పక్కింటి అవ్వకు కూడా ఇచ్చినాము. దూడకు పేరు నువ్వే పెట్టల్ల, చిన్నోడు రోజూ అడగతా ఉండాడు. చెనిక్కాయ పెరికేది వచ్చే వారం. కూలోళ్ళు దొరికినారు. కాయ అమ్మేదా, విత్తనానికి రెండు మూటలు పెట్టుకునేదా, నీ మాట రాయి. పాప ఫీజు కట్టేసినాము, రసీదు బీరువాలో ఉంది. బుధారం నాయన వస్తాడు. ఆ పై వారం నేను వస్తా. మీయమ్మ.'

ఇందులో ఆయనకు రెండు పనులున్నాయి: దూడకు పేరు పెట్టడం, కాయ సంగతి తేల్చడం. జవాబు రాయడానికి కారణం దొరికింది. ఆ జవాబు వచ్చాక దాని ప్రకారమే చేయండి, చేశామని తర్వాతి జాబులో రాయండి. ఆయన పెట్టిన పేరుతోనే దూడను పిలవండి. మాట అడిగి, ఇంకోలా చేసి, ఆ సంగతి ఎవరి నోటివెంటో ఆయనకు తెలిస్తే ఇకముందు అడిగినా చెప్పడు.

రాయడం రాని ఇంట్లో బడికిపోయే పిల్లల చేత రాయించండి. పిల్లల బొమ్మలు, పాప చేతిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసిన గీత, ఇవి మామూలు జాబుకంటే ఎక్కువ పనిచేస్తాయి. ఆరు నెలలకొకసారి చేతి గీత పంపితే పాప ఎంత పెరిగిందో ఆయన తన చెయ్యి పెట్టి చూసుకుంటాడు.

దాచొద్దు, ఒక్కసారిగా కుమ్మరించొద్దు

చావు కబురు దాచిపెట్టడం మన ఇళ్ళలో మామూలు. జైలు విషయంలో అది పెద్ద తప్పు. ఊరివాడు ఎవడో అదే జైలుకు వస్తాడు, వాయిదాకు పోయినప్పుడు కోర్టు దగ్గర ఎవరో నోరు జారతారు. తల్లి పోయి మూడు నెలలైందని పరాయివాడి నోట విన్న మనిషి ఆ తర్వాత ఇంటినుంచి వచ్చే ఏ మంచి వార్తనూ నమ్మడు. చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళే, అదీ ఎదురుగా. జాబులో రాయొద్దు. చెప్పే ముందు జైలు అధికారికి సంగతి చెప్పి, ఆ రాత్రి ఆయన్ను ఒంటరిగా ఉంచొద్దని అడగండి.

అంత్యక్రియలకు తీసుకురావాలనుకుంటే గంటలు లెక్కే. రిమాండు ఖైదీ అయితే వకీలు వెంటనే కోర్టులో పిటిషన్ వేయాలి, మధ్యంతర బెయిలుకో పోలీసు ఎస్కార్టుతో పంపడానికో. శిక్ష పడ్డ ఖైదీ అయితే జైలు సూపరింటెండెంటుకు అర్జీ పెట్టాలి. మరణ ధృవీకరణ పత్రం వచ్చేదాకా ఆగొద్దు. ఆసుపత్రి కాగితమో, గ్రామ సచివాలయం నుంచి రాతమూలకంగా తెచ్చిందో జతచేయండి. అనుమతి రాకపోతే కర్మ రోజు తేదీ, వేళ ఆయనకు తెలియజేయండి. అదే వేళకు లోపల స్నానం చేసి నీళ్ళు వదలడం కూడా చాలామందికి ఒక ఊరట.

డబ్బు ఇబ్బంది, అప్పులవాళ్ళ ఒత్తిడి వంటివి దాచకుండా, పక్కనే మీరేం చేస్తున్నారో చేర్చి చెప్పండి. 'కంతు రెండు నెలలు ఆగింది, ఆవు పాల డబ్బులతో వచ్చే నెలనుంచి కడతాం' అంటే మోయగలడు. 'కంతు కట్టలేకపోతున్నాం' దగ్గర ఆపేస్తే రాత్రంతా అదే.

పిల్లలు

పిల్లలకు 'నాయన బెంగుళూరులో పనికి పోయినాడు' అని చెప్తారు. ఐదారేళ్ళు దాటినవాళ్ళకు బడిలో ఎవరో ఒకరు నిజం చెప్పేస్తారు. వయసుకు తగ్గట్టు నిజమే చెప్పడం మేలు. ములాఖత్‌కు తీసుకుపోయే ముందు అక్కడ జాలీ ఉంటుందని, ఎత్తుకోవడానికి కుదరకపోవచ్చని చెప్పి సిద్ధం చేయండి. పిల్ల భయపడి దగ్గరికి రాకపోతే తనను గుర్తుపట్టలేదనుకుని తండ్రి కుంగిపోతాడు.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. మగవాడు లోపలుంటే భార్యో తల్లో వారం వారం పోతుంది. ఆడమనిషి లోపలుంటే చాలా ఇళ్ళు పరువు పేరుతో పోవడమే మానేస్తాయి. ఆమె బెంగ ముప్పాతిక వంతు పిల్లల మీదే. ఆరేళ్ళు నిండేదాకా బిడ్డను తల్లి దగ్గర ఉంచుకోనివ్వాలని సుప్రీంకోర్టు 2006లో, మన రాష్ట్రం మీద నడిచిన కేసులోనే చెప్పింది. ఆ పై వయసు పిల్లల్ని ఎవరు చూస్తున్నారో ఆమెకు పేరుతో సహా తెలియాలి. పిల్లల్ని వంతులవారీగా చూపించి రావడం ఆ ఇంటి బాధ్యత. ఆమె మీద ఎంత కోపమున్నా ఇది ఆపకూడదు.

లోపల ఆయన చేసుకోవాల్సినవి

ఇవి ములాఖత్‌లో ఒక్కొక్కటిగా చెప్పండి, అన్నీ ఒకేరోజు వద్దు.

ఇంటిని తలుచుకోకుండా ఉండాలని పట్టుబట్టొద్దు. ఆపాలని చూసిన కొద్దీ ఎక్కువవుతుంది. రోజులో ఒక అరగంట, పగటిపూట, ఇంటికోసం కేటాయించుకోమనండి. ఆ వేళలో జాబు రాసుకోవడం, పాతవి చదువుకోవడం, ఏం అడగాలో పట్టీ వేసుకోవడం. రాత్రి అదే ఆలోచన వస్తే 'రేపు పగలు ఆ వేళకు' అని వాయిదా వేయడం పదిహేను రోజుల్లో అలవాటవుతుంది. పగలు పడుకోవద్దనండి. పగలు నిద్రపోతే రాత్రి పన్నెండు గంటలూ మెలకువే, బెంగ మేసేది ఆ మెలకువనే. పని అడిగి చేయమనండి: తోట, వంటగది, గ్రంథాలయం, ఏది ఇస్తే అది. శిక్ష పడ్డవాళ్ళకు పనికి కూలీ కూడా వస్తుంది. అందులోంచి ఇంటికి రెండొందలు పంపగలిగిన నెల ఆ మనిషి ముఖమే వేరుగా ఉంటుంది.

తిండి గురించి. మనవైపు మనిషికి సంగటి, ఊరిబిండి లేకపోవడం మొదట్లో నోటికి కాదు, ప్రాణానికే తగులుతుంది. కడుపులో మంట, మలబద్ధకం, తలనొప్పి అని జైలు ఆసుపత్రికి పోతుంటారు. మాత్రలు వాడినా తగ్గకపోతే అది బెంగ కావచ్చని డాక్టరుకు చెప్పమనండి, సిగ్గుపడాల్సిన రోగం కాదు. ఒంటరిగా తినొద్దనండి. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే నాలుగు ముద్దలు ఎక్కువే పోతాయి.

పండగలప్పుడు జాగ్రత్త కావాలి. తిరుపతిలో మే నెలలో గంగజాతర, పల్లెల్లో పద్దెనిమిది రోజుల భారతం ఉత్సవం, కనుమనాడు పశువుల పండగ, వినాయక చవితికి కాణిపాకం, ఇవి ఒంట్లో ఇంకిపోయిన తేదీలు. జాతర వారంలో అందేట్టు ముందే జాబు వేయండి. ఎవరు ఏ వేషం కట్టారు, దుర్యోధనుడి బొమ్మ ఈసారి ఎక్కడ చేశారు, మన ఎద్దు కొమ్ములకు ఏ రంగు పూశారు, అన్నీ రాయండి. వింటే ఇంకా బాధపడతాడని దాచేవాళ్ళున్నారు. బాధపడతాడు, కానీ తనను వదిలేసి పండగ జరగలేదన్న నమ్మకం కూడా అందులోనే దొరుకుతుంది.

దూరంనుంచి వచ్చినవాళ్ళు

ఎర్రచందనం కేసుల్లో తమిళనాడు జవ్వాదు కొండలవైపు నుంచి వచ్చి ఇక్కడి జైళ్ళలో పడ్డ కూలీలు ఉంటారు. ఇంటివాళ్ళకు ఇక్కడికి రావడానికి ఒక రోజు కూలీ, ఛార్జీలు, భాష రాని ఊళ్ళో తిప్పలు. నెలల తరబడి ఎవరూ రానివాళ్ళలో వీళ్ళే ఎక్కువ. మన చిత్తూరువైపు బ్యారక్‌లో అరవం వచ్చినవాడు ఒక్కడైనా ఉంటాడు. ఆ ఒక్కడు రోజూ పది నిమిషాలు వాళ్ళ భాషలో మాట్లాడితే అదే పెద్ద సాయం. మీవాడికి అరవం వస్తే ఆ పని చేయమని చెప్పండి, ఆయన బెంగకూ మంచిది.

దూరపు కుటుంబాలకు ఈ-ములాఖత్ ఉంది. ఈ-ప్రిజన్స్ జాతీయ పోర్టల్‌లో ములాఖత్ నమోదు పేజీ తెరిచి, మీ పేరు, చిరునామా, ఫోను, గుర్తింపు కార్డు వివరాలు, రాష్ట్రం, జైలు, ఖైదీ పేరు, తండ్రి పేరు నింపాలి. నేరుగా కలవడమా, వీడియోనా అన్నచోట వీడియో ఎంచుకోవాలి. ఓటీపీ కొట్టాక నమోదు సంఖ్య వస్తుంది. జైలు ఒప్పుకున్నాక రోజు, వేళ తెలుస్తాయి. పని చెడేది ఎక్కువగా పేరు దగ్గర: జైలు రికార్డులో ఉన్నట్టు అక్షరం అక్షరం కొట్టకపోతే మనిషి దొరకడు. రిమాండు కాగితంలో ఎలా ఉందో చూసి అలాగే కొట్టండి. వీడియో పెట్టినప్పుడు ఫోన్ పట్టుకుని ఒకసారి ఇల్లంతా తిప్పండి. మనుషుల ముఖాలతో పాటు పెరట్లో కరివేపాకు చెట్టు కూడా చూడాలనుంటుంది.

వాయిదాలు

ఎప్పుడు బయటికొస్తాడో తెలియని రిమాండు ఖైదీకి బెంగ, లెక్క తెలిసిన శిక్ష ఖైదీకంటే చాలాసార్లు ఎక్కువ. 'ఈ వారం వచ్చేస్తావు' అని ధైర్యానికి చెప్పే అబద్ధం ఇక్కడ విషం. వకీలును అడిగి తర్వాతి మెట్టు ఏదో, దానికి తేదీ ఏదో చెప్పండి. తేదీ లేకపోతే లేదని చెప్పండి.

వకీలును పెట్టుకునే స్థోమత లేకపోతే, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి. బెయిలు వచ్చి కూడా ష్యూరిటీలు (జామీను ఉండేవాళ్ళు) లేక లోపలే ఉండిపోయేవాళ్ళ బాధ ఘోరం. తలుపు తెరిచినట్టే తెరిచి మూసినట్టుంటుంది. బెయిలిచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. ఎనిమిదో రోజు మీరే పోయి అది జరిగిందా అని అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్ళు ఇప్పటి నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే బాండు మీద విడుదలకు అర్హులు, మిగతావాళ్ళకు సగం కాలం. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా అడ్డం వస్తుంది. మీవాడి లెక్క ఏ తేదీకి పూర్తవుతుందో వకీలు చేత వేయించి ఆ తేదీ ఆయనకు చెప్పండి.

బెంగ దాటిపోయిన గుర్తులు

ములాఖత్‌కు రానని కబురు పంపడం. రెండు రోజులకు మించి తినకపోవడం. తన బట్టలు, వస్తువులు పక్కవాళ్ళకు పంచేయడం. 'నేను లేకపోతే మీకే సుఖం' అనడం. చాలా దిగులుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారి అందరికీ అప్పగింతలు చెప్పడం. వీటిలో ఏది కనిపించినా మరుసటి ములాఖత్ దాకా ఆగొద్దు. అదే రోజు సూపరింటెండెంటును కలిసి, నోటితో చెప్పడంతో ఆపకుండా కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఒంటరిగా ఉంచొద్దని, జైలు డాక్టరుకు చూపించమని, అవసరమైతే తిరుపతి రుయా వంటి పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి పంపమని అందులో అడగండి. వకీలు ద్వారా కోర్టుకూ తెలియజేయండి. ఏం మాట్లాడాలో మీకే తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఇంటి దగ్గరున్నవాళ్ళ కుంగుబాటుకూ ఆ నెంబరే.

తిరిగొచ్చిన రోజు

విడుదలయ్యే రోజు గేటు దగ్గర ఒకరిద్దరు చాలు. ఊరంతా ఎదురొస్తే మాట రాదు. ఇన్నాళ్ళు తలుచుకున్న ఇల్లు, వచ్చి చూస్తే కొంచెం వేరుగా ఉంటుంది: గోడకు కొత్త రంగు, పెరిగిన పిల్లలు, లేని అవ్వ. మారినవాటిని జాబుల్లో ముందే రాసి ఉంటే తత్తరపాటు తక్కువ. మొదటి కొన్ని రాత్రులు గదిలో నిద్రపట్టక వసారాలో పడుకుంటాడు, లైటు ఆర్పనివ్వడు, తెల్లారకముందే లేచి కూర్చుంటాడు. లోపల మిగిలిన స్నేహితుల మీద బెంగ పెట్టుకున్నా ఆశ్చర్యపోవద్దు, వాళ్ళకు ఒక కార్డు రాయమనండి. మరుసటి రోజే అప్పుల లెక్క ముందు పెట్టొద్దు. సంగటి ముద్ద చేసి పెట్టి, తిన్నాక దొడ్లోకి తీసుకుపోయి, తాను పేరు పెట్టిన దూడను చూపించండి.